తొక్కితే తడబడుతోందా? పార్టు కొనేముందు లాగ్ చూడండి

"బండి దగ్గుతోంది బ్రో." "మిస్ కొడుతోంది." "పికప్ మధ్యలో ఎక్కడో పట్టేస్తోంది." రీమ్యాప్ చేయించిన టర్బో కార్లున్న ఫ్రెండ్స్ దగ్గర్నుంచి నాకు వచ్చే మెసేజ్‌లు సగం ఇలాగే మొదలవుతాయి. చివర్లో ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా ఉంటుంది: "ఏ పార్టు మార్చాలి?"

ఈ వారం దాని గురించే. నా జవాబు ముందే చెప్పేస్తా. ఇప్పుడే ఏ పార్టూ మార్చొద్దు. సీట్లో కూర్చున్నవాడి నడుముకి ఒకేలా తగిలే ఆ అర సెకను కుదుపు వెనక నాలుగైదు వేర్వేరు జబ్బులు ఉండొచ్చు. ఒకదానికి వేసే మందు ఇంకోదానికి పనిచేయదు. కొన్నిసార్లు రోగం ముదురుతుంది కూడా.

ఇదంతా సిగ్నల్ దగ్గర షో చేసేవాళ్ల గోల అనుకోకండి. శ్రీశైలం రోడ్డు లాంటి రెండు లేన్ల దారి మీద లారీని దాటుతున్నారు. ఎదురుగా దూరంగా బస్సు కనిపిస్తోంది. సరిపోతుందని లెక్కేసుకుని గేరు దించి పూర్తిగా తొక్కారు. సరిగ్గా లారీ పక్కకి వచ్చేసరికి ఇంజిన్ ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ముందుకెళ్లాలా, బ్రేక్ వేసి వెనక్కి తగ్గాలా? ఆ అర సెకనుకి అక్కడ ఉండే విలువ వేరు. అందుకే "అప్పుడప్పుడేలే, మెల్లగా నడిపితే రావట్లేదు" అని వదిలేసేవాళ్లంటే నాకు భయం. మెల్లగా నడిపినప్పుడు రాని జబ్బు, మీకు ఇంజిన్ నిజంగా అవసరమైన క్షణంలోనే వస్తుంది.

ముందు ఒక తేడా తేల్చుకుందాం. టర్బో ల్యాగ్ వేరు, తడబాటు వేరు. టర్బో తిరిగేది ఇంజిన్ నుంచి బయటికి పోయే వేడి పొగతో. చిన్న కార్లలో ఉండే టర్బోలు పూర్తి జోరులో నిమిషానికి రెండు లక్షల చుట్లు దాకా తిరుగుతాయి. అంత వేగం అందుకోవడానికి కాస్త టైమ్ పడుతుంది, అదే ల్యాగ్. ల్యాగ్ అంటే రేపిస్తానన్నవాడు రేపు ఇచ్చేయడం. ఆలస్యమే గానీ మోసం లేదు, శక్తి నున్నగా పెరుగుతూ వస్తుంది. తడబాటు అంటే ఇచ్చినట్టే ఇచ్చి మధ్యలో లాక్కోవడం. మీ బండి ఐదో గేర్లో 1,500 ఆర్పీఎం దగ్గర తొక్కితే కదలట్లేదంటే అది జబ్బు కాదు, గేరు దించాలి. పైగా ఆ అలవాటు మంచిది కాదు. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో తక్కువ ఆర్పీఎం, ఎక్కువ లోడ్ కలిసినచోట స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది. పిస్టన్లు పగలగొట్టేంత గట్టి దెబ్బ అది. దాన్ని తగ్గించేలా పరీక్షించిన ఇంజిన్ ఆయిళ్ల కోసం 2018లో ఏపీఐ ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ అని ప్రమాణాలే వచ్చాయి. మీ ఆయిల్ డబ్బా మీద ఏముందో ఓసారి చూసుకోండి.

పక్క టీమ్ కుర్రాడి కారు

అసలు కేసుకి వద్దాం. మా ఆఫీసులో పక్క టీమ్ కుర్రాడి కారు. ఒక లీటర్, మూడు సిలిండర్లు, డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం, ఈ కథ ఏ కంపెనీ బండిలోనైనా జరగొచ్చు. 52 వేల కిలోమీటర్లు తిరిగింది. స్టేజ్ 1 రీమ్యాప్, కాటన్ ఎయిర్ ఫిల్టర్, శబ్దం కోసం సైలెన్సర్. టర్బో మాత్రం కంపెనీదే.

మూడో గేర్లో పూర్తిగా తొక్కితే 2,800 నుంచి 3,400 ఆర్పీఎం మధ్య ఒకటి రెండు కుదుపులు, ఆ తర్వాత మళ్లీ మామూలే. సగం పెడల్‌తో వెళ్తే ఏమీ లేదు. చెక్ ఇంజిన్ లైట్ వెలగదు. ఇంకో మాట కూడా చెప్పాడు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు: "మధ్యాహ్నం ఎండలో కాస్త నయం, పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ." ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మ్యాప్ వేసిన ట్యూనర్ దగ్గరికి తీసుకెళ్తే ల్యాప్‌టాప్ తగిలించి, ఒక రన్ తీసి, గ్రాఫ్‌లో లాంబ్డా గీత పైకి ఎగిరిన చోటు వేలితో చూపించాడట. "లీన్ అవుతోంది. పెట్రోల్ చాలట్లేదు. హై ప్రెషర్ పంప్ అప్‌గ్రేడ్ చేయాలి." ఐదంకెల కొటేషన్. మావాడు క్రెడిట్ కార్డు ఈఎంఐ లెక్కలు వేస్తుండగా క్యాంటీన్‌లో నాకు దొరికాడు. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాళ్లకి ఇలాంటివి వినపడితే కాఫీ సహించదు. ఒక్క శనివారం ఆగమన్నాను.

లాగ్ తీయడం కూడా ఒక పనే

ప్రొడక్షన్‌లో బగ్ వస్తే కోడ్ మార్చేసి దేవుడికి దండం పెట్టం కదా, లాగ్ చూస్తాం. (చూస్తామనే అనుకుందాం.) కారుదీ అదే పద్ధతి. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు ఉంటుంది, దానికి బ్లూటూత్ డాంగిల్, ఫోన్లో ఒక యాప్. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. యాప్‌లో కనిపించిన పాతిక అంశాలకీ టిక్ పెట్టేస్తారు. చవక డాంగిల్ ఒక్కో విలువనీ వరసగా అడిగి తెచ్చుకుంటుంది. పాతిక అడిగితే ఒక్కో అంశం వంతు మళ్లీ రావడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. మీ జబ్బు ఉండేదే అర సెకను. అంటే రెండు రీడింగుల మధ్య వచ్చి వెళ్లిపోతుంది, గ్రాఫ్ మాత్రం నున్నగా కనిపిస్తుంది. "లాగ్‌లో ఏమీ లేదు బ్రో" అనేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే.

ఒక రన్‌కి నాలుగే తీసుకోండి. మొదటి రన్‌లో ఆర్పీఎం, యాక్సిలరేటర్ పెడల్, థ్రాటిల్ ప్లేట్, మ్యానిఫోల్డ్ ప్రెషర్. రెండో రన్‌లో ఆర్పీఎం, ఫ్యూయల్ రైల్ ప్రెషర్, లాంబ్డా, ఇగ్నిషన్ టైమింగ్. ఆర్పీఎం రెండింట్లోనూ ఉంటుంది కాబట్టి తర్వాత పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక, మూడో గేర్, 2,000 నుంచి 4,500 దాకా, అంతే. అన్నిటికంటే మేలు డైనో మీద తీయించడం. రోడ్డు మీదైతే స్పీడ్ లిమిట్ లోపల, పక్క సీట్లో ఒకరు ఫోన్ చూసుకోవాలి. నడిపేవాడి చూపు రోడ్డు మీదే ఉండాలి.

ఇంకో చిన్న సంగతి. కీ ఆన్ చేసి ఇంజిన్ ఆపి ఉంచినప్పుడు హైదరాబాద్‌లో మ్యానిఫోల్డ్ ప్రెషర్ సుమారు 95 కిలోపాస్కల్స్ చూపిస్తుంది, విశాఖ బీచ్ రోడ్డులో 101 చూపిస్తుంది. సెన్సర్ పాడు కాలేదు, మన ఊరు సముద్రమట్టానికి అయిదు వందల మీటర్ల పైన ఉంది, అక్కడ గాలే తక్కువ. లాగ్‌లో 215 కనిపిస్తే అందులోంచి ఈ 95 తీసేస్తే మిగిలేదే టర్బో అదనంగా తోస్తున్న గాలి.

విస్తట్లో మిగిలిన అన్నం

మావాడి లాగ్‌లో ఏముందో చూద్దాం. పెడల్ నూరు శాతం. థ్రాటిల్ ప్లేట్ తెరిచే ఉంది, అంటే ఈసీయూ కావాలని గొంతు నొక్కట్లేదు. బూస్ట్ ఎక్కాల్సినంత ఎక్కి నిలబడింది, గాలి ఎక్కడా లీకవట్లేదు. టైమింగ్ వెనక్కి లాగలేదు, నాక్ లేదు. రైల్ ప్రెషర్ 200 బార్ దగ్గర గీత గీసినట్టుంది. 3,000 దాటగానే ఆర్పీఎం గీతలో చిన్న గాటు, సరిగ్గా అదే చోట లాంబ్డా 0.88 నుంచి 1.2 పైకి ఎగిరి వెంటనే కిందికి వచ్చేసింది. ట్యూనర్ చూపించిన "లీన్" ఇదే.

లాంబ్డా సెన్సర్ ఏం చూస్తుందో తెలిస్తే ఈ గీతని ఇంకోలా చదువుతాం. దానికి పెట్రోల్ కనిపించదు. దానికి తెలిసింది పొగలో మిగిలిన ఆక్సిజన్ ఒక్కటే. ఆక్సిజన్ మిగిలిందంటే పెట్రోల్ తక్కువైందని లెక్క కట్టి చెప్తుంది. మిశ్రమం మామూలుగా మండినంతసేపు ఆ లెక్క కరెక్టే. కానీ స్పార్క్ తప్పి మిశ్రమం అసలు మండకపోతే? పెట్రోల్, ఆక్సిజన్ రెండూ అలాగే బయటికి వచ్చేస్తాయి. సెన్సర్‌కి బోలెడు ఆక్సిజన్ కనిపిస్తుంది. "లీన్, లీన్" అని అరుస్తుంది. విస్తట్లో అన్నం మిగిలింది చూసి కూర తక్కువేశారని వంటవాణ్ని తిట్టడం లాంటిది ఇది. తినేవాడు మధ్యలో లేచి వెళ్లిపోయాడని ఎవరూ చూడలేదు.

నిజంగా పెట్రోల్ చాలకపోతే లాగ్ వేరేలా ఉంటుంది. ముందు రైల్ ప్రెషర్ జారడం మొదలవుతుంది, దాని వెనకే లాంబ్డా మెల్లగా పైకి పాకుతుంది, ఆర్పీఎం పెరిగేకొద్దీ ఇంకా ముదురుతుంది. సూదిలా ఎగిరి దిగిపోదు. మావాడి లాగ్‌లో ప్రెషర్ కదల్లేదు. పంపు తన పని తాను చేస్తూనే ఉంది. ట్యూనర్ మోసగాడని నేననను, గ్రాఫ్‌లో ఒక్క గీత చూసి ఆగిపోయాడు, అంతే. అయితే ఆ ఆగిపోవడం ఖరీదు కట్టాల్సింది కస్టమర్.

మరి స్పార్క్ ఎందుకు తప్పుతోంది? 1889లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పాషెన్ ఒక సూత్రం తేల్చాడు. రెండు లోహపు మొనల మధ్య గాలిలో మెరుపు దూకాలంటే ఎంత వోల్టేజ్ కావాలన్నది ఆ మొనల మధ్య దూరం, అక్కడి గాలి ఒత్తిడి, ఈ రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుంది. స్పార్క్ ప్లగ్ విషయంలో దూరం పెరిగినా, ఒత్తిడి పెరిగినా ఎక్కువ వోల్టేజ్ కావాలి. రీమ్యాప్ అంటే సిలిండర్‌లోకి ఇంకా ఎక్కువ గాలి కుక్కడం, అంటే ఒత్తిడి పెంచడం. ప్లగ్ వాడకంలో అరిగేకొద్దీ గ్యాప్ పెరుగుతుంది, అంటే దూరం కూడా పెరిగింది. కాయిల్ మాత్రం పాతదే, అది ఇవ్వగలిగే వోల్టేజ్‌కి ఒక హద్దుంది. బూస్ట్ ఎక్కువై, సిలిండర్‌లో గాలి కిక్కిరిసిన చోట, అంటే టార్క్ శిఖరం దగ్గర, ఆ హద్దు దాటిపోతుంది. స్పార్క్ దూకదు. ఆర్పీఎం ఇంకా పెరిగాక సిలిండర్ నిండటం కాస్త తగ్గుతుంది, మళ్లీ స్పార్క్ దూకుతుంది. 2,800 నుంచి 3,400 మధ్యే ఎందుకు అన్న ప్రశ్నకి జవాబు అదే.

ఇప్పుడు "పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ" అన్న మాట చూడండి. చల్లగాలి చిక్కగా ఉంటుంది, సిలిండర్ ఇంకా బాగా నిండుతుంది, స్పార్క్‌కి ఇంకా కష్టం. అదే నాక్ వల్ల వచ్చే జబ్బయితే తిరగబడి ఉండేది, మే నెల మధ్యాహ్నం చచ్చిపోయి తెల్లారుజామున హాయిగా పరిగెత్తేది. మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు "ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు" అన్నది వివరంగా చెప్పండి. ఆ ఒక్క వాక్యం సగం టెస్టుల ఖర్చు మిగులుస్తుంది.

యాప్‌లో మోడ్ 6 అని ఒక పేజీ ఉంటుంది. చాలా కొత్త కార్లలో అక్కడ ఏ సిలిండర్లో ఎన్ని మిస్‌ఫైర్లు అయ్యాయో లెక్క దొరుకుతుంది. మావాడి బండిలో మూడింటిలోనూ ఉన్నాయి, రెండో దాంట్లో ఎక్కువ. మూడింటిలోనూ ఉంటే మూడింటికీ ఉమ్మడి కారణం ఉండాలి. ప్లగ్గులు విప్పాం. ఫీలర్ గేజ్ పెడితే గ్యాప్ 0.9 మి.మీ. ఉంది. ట్యూన్ చేసిన ఇలాంటి చిన్న ఇంజిన్లకి 0.6 నుంచి 0.7 మధ్య పెట్టమనడం మామూలు. మ్యాప్ వేసినప్పుడు ప్లగ్గులు ఎవరూ ముట్టుకోలేదు. ఇరిడియం కదా, చాలాకాలం వస్తాయి అనుకున్నారు. వస్తాయి, కంపెనీ బూస్ట్‌తో అయితే.

అదే నంబర్ కొత్త ప్లగ్గులు, 0.7 గ్యాప్. ఇరిడియం ప్లగ్‌లో మధ్య మొన వెంట్రుకంత సన్నగా ఉంటుంది, దాన్ని ఆసరా చేసుకుని గేజ్‌తో మీటితే విరిగిపోతుంది. పై కొక్కేన్ని మాత్రమే నెమ్మదిగా వంచాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, టార్క్ రెంచ్‌తో బిగించాలి. అల్యూమినియం హెడ్ అది, చేతిబలం చూపించే చోటు కాదు. అలాగని గ్యాప్ మరీ 0.5కి తగ్గించేయకండి, స్పార్క్ చిన్నదైపోయి ఐడిలింగ్‌లో వణుకు మొదలవుతుంది.

మళ్లీ అదే రోడ్డు, అదే గేర్, అదే లాగ్. ఒకటో సిలిండర్, మూడో సిలిండర్ సున్నా. రెండోది మాత్రం ఇంకా అక్కడక్కడా తప్పుతోంది. బగ్ ఒకటే ఉంటుందని ఎవరన్నారు? పెద్ద బగ్ తీసేశాకే దాని వెనక దాక్కున్న చిన్న బగ్ కనిపిస్తుంది. ఈసారి ఒక్క సిలిండర్‌దే కాబట్టి దాని సొంత సమస్య. రెండో కాయిల్‌ని మూడో దాని మీద, మూడో కాయిల్‌ని రెండో దాని మీద పెట్టాం. పైసా ఖర్చు లేదు. ఇంకో రన్. మిస్‌ఫైర్ మూడో సిలిండర్‌కి వెళ్లిపోయింది. కాయిల్‌తో పాటు జబ్బు కూడా ఇల్లు మారిందంటే ఇక అనుమానం ఏముంటుంది? ఒక కాయిల్ కొన్నాం. మూడు ప్లగ్గులు, ఒక కాయిల్ కలిపినా పంపు కొటేషన్‌లో పదో వంతు దగ్గర ఆగింది. ఆ పంపు వేయించి ఉంటే ఏమయ్యేది? అదే చోట అదే కుదుపు, ఈసారి ఈఎంఐతో సహా.

మీ లాగ్ ఇలా లేకపోతే

అందరి బండికీ ప్లగ్గులే కారణమని ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసేయకండి.

బూస్ట్ ఎక్కాల్సినంత ఎక్కకపోతే లీక్ వెతకండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజిన్‌కి వెళ్లే పైపుల జాయింట్ల దగ్గర నూనె తడి కనిపిస్తే అక్కడే అనుమానించాలి. పంక్చర్ షాపులో ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తారు కదా, అదే టెక్నిక్. పైపుల్లోకి తక్కువ ఒత్తిడితో గాలి ఎక్కించి జాయింట్ల మీద సబ్బు నీళ్లు కొట్టాలి. డైవర్టర్ వాల్వ్‌లో డయాఫ్రమ్ చిరిగినా ఇదే లక్షణం. రీమ్యాప్ తర్వాత పాత క్లాంపులు కొత్త ఒత్తిడికి వదులవడం చాలా మామూలు విషయం.

గేరు మార్చినప్పుడల్లా "తుస్" అని శబ్దం రావాలని గాలిని బయటికి వదిలే వాల్వ్ పెట్టించుకున్నారా? మీ బండిలో గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉంటే చిక్కే. ఆ సెన్సర్ లెక్క పెట్టిన గాలిని మీరు రోడ్డు మీదకి వదిలేశారు, ఈసీయూ మాత్రం అది ఇంజిన్‌లోకే వెళ్లిందనుకుని దానికి సరిపడా పెట్రోల్ పోసింది. అందుకే గేరు పడ్డాక తొక్కగానే ఓ దగ్గు, వెనక కాస్త నల్లపొగ. గాలిని ఒత్తిడితో లెక్కించే మ్యాప్ సెన్సర్ బండ్లకి ఈ బాధ ఉండదు. (ట్యూనర్ వేసే మ్యాప్ వేరు, ఈ మ్యాప్ వేరు. పేర్లు పెట్టినవాళ్లకి మనమేం చెప్పగలం.)

మీ పెడల్ నూరు దగ్గర ఉండగానే థ్రాటిల్ ప్లేట్ అరవైకి మూసుకుని మళ్లీ తెరుచుకుంటోందంటే, అది ఈసీయూ తీసుకున్న నిర్ణయం. బూస్ట్ హద్దు దాటిందనో, టార్క్ లిమిట్ తగిలిందనో అది గొంతు పట్టుకుంటోంది. దీనికి పార్టు ఏది మార్చినా దండగే, మ్యాప్ రాసినవాడే సరిచేయాలి. తడి రోడ్డు మీద, కింది గేర్లలో అయితే ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఇలాగే చేస్తుంది. డ్యాష్‌బోర్డు మీద ఆ దీపం మెరుస్తోందేమో చూడమని పక్కవాళ్లకి చెప్పండి.

టైమింగ్ వెనక్కి పోతుంటే నాక్. ఇది కుదుపులా కాకుండా బండి మెత్తబడినట్టు తెలుస్తుంది. బీఎస్-6 ప్రమాణం వచ్చినప్పుడు మామూలు పెట్రోల్‌కి కనీస ఆక్టేన్ 91గా ఉండేది. మ్యాప్ 95కో 97కో రాయించుకుని, దారిలో దొరికింది పోయించుకుంటే ఈసీయూ తనని తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గిస్తుంది. చేయాల్సిన పనే చేస్తోంది, తిట్టకండి. ఇథనాల్ సంగతి రెండు వైపులా ఉంటుంది. దానికి ఆక్టేన్ ఎక్కువ, నాక్‌కి సాయమే. కానీ ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలే చాలు. అంటే అంతే గాలికి ఈ20ని దాదాపు 8 శాతం ఎక్కువ పోయాలి. ఈసీయూ సర్దుకుంటుంది, అయితే ఇంజెక్టర్లకీ పంపుకీ మిగిలిన జాగా ఆ మేరకి తగ్గుతుంది. పాత పెట్రోల్ రోజుల్లో అంచుదాకా రాసిన మ్యాప్‌తో ఇప్పుడు తిరుగుతున్నవాళ్లు రైల్ ప్రెషర్ ఓసారి చూసుకోవడం మంచిది.

ఆ రైల్ ప్రెషర్ నిజంగా జారుతుంటే మాత్రం ఇక రెండో రన్ వద్దు. ఫ్యూయల్ ఫిల్టర్, ట్యాంకులో ఉండే పంపు, ఆ తర్వాత హై ప్రెషర్ పంపు, ఈ వరసలో చూపించండి. బూస్ట్ మీద ఉండగా పెట్రోల్ తక్కువైతే సిలిండర్‌లో వేడి అదుపు తప్పుతుంది, పిస్టన్ కరిగే దాకా వెళ్లొచ్చు. "ఇంకోసారి కన్ఫర్మ్ చేద్దాం" అని తొక్కే ఆ ఇంకోసారే ఇంజిన్ ఖరీదు. అలాగే చెక్ ఇంజిన్ లైట్ వెలగడం వేరు, మిణుకుమిణుకుమనడం వేరు. మిణుకుతుంటే మిస్‌ఫైర్ తీవ్రంగా ఉందని అర్థం. మండని పెట్రోల్ వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతోంది, దాన్ని కరిగించేస్తుంది. వెంటనే కాలు తీసేయాలి.

చట్టం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఏ ట్యూనరూ దాని ఊసెత్తడు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. ఇంజిన్ వారంటీ, క్లెయిమ్ వచ్చినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ అడిగే ప్రశ్నలు, ఇవన్నీ రీమ్యాప్ రేటులో కనిపించని ఖర్చులు. చేయించుకోమనీ అనను, వద్దనీ అనను. కానీ చేయించుకుంటే మాత్రం మ్యాప్‌తో పాటు ట్యూనర్ దగ్గర మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: ఏ ఆక్టేన్‌కి రాశాడు, ప్లగ్ గ్యాప్ ఎంత పెట్టమన్నాడు, డెలివరీ రోజు తీసిన లాగ్ ఫైల్. ఆ మూడోది ముఖ్యం. బండి బాగున్న రోజు గీతలు ఎలా ఉండేవో తెలిస్తేనే, ఇవాళ్టి గీతల్లో ఏది తేడాయో తెలుస్తుంది.

నాకు పంపేవాళ్లు దయచేసి స్క్రీన్‌షాట్ పంపకండి, సీఎస్‌వీ ఫైల్ పంపండి. ఫైల్ పేరులోనే గేరు, పోయించిన పెట్రోల్, తీసిన టైమ్ రాసేయండి. "ఫైనల్_న్యూ_2" అన్న పేరుతో ఇప్పటికే నా దగ్గర పదకొండు ఫైళ్లున్నాయి.